ట్రామెల్ లోపల, విటకర్ బయట

అమెరికా బేస్‌బాల్ జట్టు డెట్రాయిట్ టైగర్స్‌లో పక్కపక్కనే ఫీల్డింగ్ చేసే షార్ట్‌స్టాప్ అలన్ ట్రామెల్, సెకండ్ బేస్‌మన్ లూ విటకర్‌లది జోడెద్దుల్లాంటి జంట. 1977 సెప్టెంబర్ 9న ఒకే మ్యాచ్‌లో అరంగేట్రం చేసి, 1995 దాకా కలిసే ఆడారు. హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరిన సార్లు) ట్రామెల్‌వి 2,365, విటకర్‌వి 2,369. తేడా నాలుగే!

బ్యాటింగ్ సగటులో, అంటే బ్యాటింగ్ అవకాశాల్లో ఎన్నో వంతు హిట్లయ్యాయన్న లెక్కలో, ట్రామెల్ ముందు: .285, విటకర్‌ది .276. హోమ్ రన్లు మాత్రం విటకర్‌వి 244, ట్రామెల్‌వి 185. 1984 వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌షిప్ ఫైనల్) ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు, ట్రామెల్. పెద్ద వేదిక మీద మెరిసినవాడే జనానికి గుర్తుంటాడు కదా.

విటకర్ హడావుడి లేని మనిషి. 1985 ఆల్‌స్టార్ మ్యాచ్‌కి జెర్సీ మర్చిపోయి వచ్చాడు. స్టేడియంలో అమ్మే జెర్సీ ఒకటి తెప్పించి, వెనక మార్కర్‌తో 1 అంకె గీయించుకుని ఆడేశాడు.

మేటి ఆటగాళ్ల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌ కోసం బేస్‌బాల్ రచయితలు ఓట్లేస్తారు. 2001 ఓటింగ్‌లో విటకర్‌కి దక్కింది 2.9 శాతం. ఐదు శాతం రాకపోతే అభ్యర్థుల జాబితా నుంచి పేరు తీసేస్తారు, మొదటి ఏడాదే తీసేశారు. ట్రామెల్ కూడా రచయితల ఓట్లతో గట్టెక్కలేదు, 2018లో, పాత ఆటగాళ్లను మళ్లీ పరిశీలించే కమిటీ దయతో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మరుసటి ఏడాది చివర్లో విటకర్‌కి కమిటీలో వచ్చినవి 16కి 6 ఓట్లే. నన్నడిగితే ట్రామెల్ అర్హుడే, విటకర్ అతనికంటే వీసమెత్తు ఎక్కువే.