గుడ్‌రీడ్స్‌లో రెండు స్టార్లంటే తిట్టు కాదు

చదివిన పుస్తకాలకి స్టార్లిచ్చి రివ్యూలు రాసుకునే సైట్ గుడ్‌రీడ్స్. నాలుగేళ్ల కిందట ఒక నవలకి అందులో నేను రాసిన రివ్యూ మొత్తం ఇదీ: "చాలా బాగుంది. తప్పక చదవండి." పైన ఐదు స్టార్లు. మొన్న ఆ సైట్‌లో నా పాత పుస్తకాల జాబితా (వాళ్ల భాషలో షెల్ఫ్) తిరగేస్తుంటే కనబడింది. ఆ నవల్లో హీరోయిన్ పేరు సంగతి అటుంచి, అసలు హీరోయిన్ ఉందో లేదో కూడా గుర్తు రాలేదు. తప్పక చదవమని లోకానికంతటికీ చెప్పాను గానీ, ఎందుకు చదవాలో ఒక్క ముక్క రాయలేదు.

దాని కిందే ఇంకో పుస్తకం. దానికి మూడు స్టార్లే ఇచ్చాను. కానీ ఇలా రాసుకున్నాను: "మొదటి వంద పేజీలు ఈడ్చుకుంటూ చదివాను. 143వ పేజీలో, కొడుకు రాసిన ఉత్తరాన్ని తండ్రి చదవకుండానే మడిచి జేబులో పెట్టుకునే చోట పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాత మళ్లీ మామూలే." ఈ మూడు వాక్యాలు చదవగానే ఆ ఇల్లు, ఆ ముసలాయన, ఉత్తరం అన్నీ కళ్ల ముందుకొచ్చేశాయి. ఆ రోజు ఏ కుర్చీలో కూర్చుని చదివానో కూడా గుర్తొచ్చింది.

ఏడేళ్లుగా ఈ సైట్ వాడుతున్నాను. వాడాలా వద్దా అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్లకి రెండు మాటల్లో. ఓటిస్ చాండ్లర్, ఎలిజబెత్ ఖూరీ చాండ్లర్ అనే దంపతులు 2007 జనవరిలో దీన్ని మొదలుపెట్టారు. 2013లో అమెజాన్ కొనేసింది. డబ్బులేం కట్టక్కర్లేదు. చేరగానే మూడు షెల్ఫులు ఇస్తారు: చదవాలనుకుంటున్నవి, చదువుతున్నవి, చదివేసినవి. కావాలంటే మన సొంత షెల్ఫులూ పెట్టుకోవచ్చు. నాకు "ఎవరో పట్టుకెళ్లి తిరిగివ్వనివి" అని ఒకటి ఉంది, అది ఏటా పెరుగుతూనే ఉంటుంది. ఫోన్లో యాప్ పెట్టుకుంటే పుస్తకం వెనక బార్‌కోడ్ స్కాన్ చేసి షెల్ఫులో చేర్చేసుకోవచ్చు. తెలుగు పుస్తకమైతే ముందు తెలుగు లిపిలో పేరు కొట్టి చూడండి, దొరక్కపోతే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. ఒకే పుస్తకం రెండు స్పెల్లింగులతో రెండు చోట్ల ఉండొచ్చు. ఇలాంటివి సరిచేసి కలపడానికి లైబ్రేరియన్లు అని వాలంటీర్లు ఉంటారు. రివ్యూ మాత్రం తెలుగులో హాయిగా రాసుకోవచ్చు.

ఇక స్టార్ల దగ్గరికొద్దాం. అసలు గొడవంతా ఇక్కడే.

మా అక్క ఒకసారి పుట్టినరోజుకి ఒక పుస్తకం కొనిచ్చింది. చదివి, రెండు స్టార్లిచ్చి మర్చిపోయాను. వారం తర్వాత ఫోన్.

"ఏమే, అంత చెత్తగా ఉందా?"

"లేదక్కా, పర్లేదు, బాగానే ఉంది."

"బాగానే ఉంటే రెండేంటి?"

గుడ్‌రీడ్స్ ఆ స్టార్లకి ఏ అర్థాలు పెట్టుకుందో అప్పుడు చదివి వినిపించాను. ఒకటంటే నచ్చలేదు. రెండంటే పర్లేదు. మూడంటే నచ్చింది. నాలుగంటే చాలా నచ్చింది. ఐదంటే అద్భుతం. అంటే ఐదింటిలో నాలుగు మెచ్చుకోళ్లే, తిట్టు ఒక్కటే! మనకేమో పదిలో నాలుగంటే తిట్లు తినే మార్కులని చిన్నప్పటి నుంచీ ఒంటబట్టింది. రెండు స్టార్లు చూడగానే ఎర్ర సిరా గుర్తొస్తుంది. పైగా మన "పర్లేదు" ఒకటి కాదు. ముఖం చిట్లించి అనే పర్లేదు వేరు, తలాడిస్తూ "పర్లేదే!" అని ఆశ్చర్యపోవడం వేరు. మొదటిదానికి రెండు, రెండోదానికి నాలుగు ఇవ్వాలి. అక్క ఇదంతా విని, "సర్లే, నీ లెక్కలు నీవి" అని పెట్టేసింది. ఆ తర్వాత నాకు పుస్తకాలు కొనడం మానేసింది, అది వేరే సంగతి.

అర స్టార్లు లేవు. మూడున్నర ఇవ్వాలనిపించిన పుస్తకానికి మూడిచ్చి కింద "నిజానికి మూడున్నర" అని రాసేవాళ్లు కోకొల్లలు. నేనూ రాశాను. ఇన్ని రకాల మనుషులు ఇన్ని రకాల లెక్కలతో ఇచ్చిన స్టార్లన్నీ కలిపి సగటు తీస్తే ఏమొస్తుంది? నా షెల్ఫులో ఉన్న పుస్తకాల్లో ఎక్కువవాటి సగటు మూడున్నరకీ నాలుగుంపావుకీ మధ్యే ఉంది. నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని పుస్తకమూ అక్కడే, ఇరవై పేజీలకే ఆపేసిందీ అక్కడే. అందుకే 4.1 పుస్తకం 3.8 పుస్తకం కంటే మంచిదని నమ్మి కొనడం మానేశాను.

అంతకంటే దారుణం ఏంటంటే, పుస్తకం ఇంకా విడుదల కాకుండానే స్టార్లు పడొచ్చు. 2023 జూన్‌లో అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ రష్యా నేపథ్యంలో రాసిన తన కొత్త నవలని ప్రకటించారు. యుక్రెయిన్ యుద్ధం నడుస్తున్న రోజులు. అభ్యంతరం చెబుతూ కొద్ది రోజుల్లోనే గుడ్‌రీడ్స్‌లో వందల కొద్దీ ఒక్క స్టార్లు వచ్చిపడ్డాయి. ఆ నవల 2024లో రావాల్సింది, అప్పటికి మామూలు పాఠకుడి చేతికి అందనే లేదు. చివరికి ఆవిడే ప్రచురణ ఆపుకున్నారు. అభ్యంతరం న్యాయమైనదా కాదా అనేది వేరే చర్చ. చదవని పుస్తకానికి మార్కులేంటన్నదే నా బాధ. ఇలా మూకుమ్మడిగా పడేటప్పుడు రేటింగులు తాత్కాలికంగా ఆపే ఏర్పాటు ఇప్పుడు ఉంది. అయినా కొత్త పుస్తకం విడుదలకి ముందు ఐదూ ఒకటీ కుప్పలుగా కనబడితే నేను అటు చూడను.

మరి ఏం చూస్తాను? మూడు స్టార్ల రివ్యూలు. వడపోసుకునే సదుపాయం ఉంది, మూడు ఇచ్చినవాళ్లవి మాత్రమే చూపించమంటే చూపిస్తుంది. ఐదు ఇచ్చినవాళ్లు చాలామంది "ఏకబిగిన చదివించింది", "కన్నీళ్లాగలేదు" దగ్గర ఆగిపోతారు. ఎవరి కన్నీళ్లు, ఏ పేజీలో అనేది చెప్పరు. ఒకటి ఇచ్చినవాళ్లు కోపంలో ఉంటారు. మూడు ఇచ్చిన మనిషి మాత్రం ఎందుకు రెండు తగ్గించాడో చెప్పాలని కూర్చుని రాస్తాడు. పోయినేడాది ఒక డిటెక్టివ్ నవల కొనాలా వద్దా అని చూస్తుంటే ఒకాయన ఇలా వాపోయాడు: హత్య జరిగేది ఎనభయ్యో పేజీలో, అప్పటిదాకా ఆ డిటెక్టివ్ టీ తాగుతూ కిటికీలోంచి వాన చూడటమే సరిపోయింది, హంతకుడెవరో తెలిశాక కూడా ఇంకో నలభై పేజీలు ఉన్నాయి. ఆయనకి అది విసుగు. నాకు సరిగ్గా అలాంటిదే కావాలి! వెంటనే కొన్నాను. ఆ వాన నిజంగానే బాగుంది. ఆయన్ని అప్పటి నుంచీ ఫాలో అవుతున్నాను. ఆయనకి విసుగొచ్చిన పుస్తకాల్లో మూడొంతులు నాకు నచ్చుతున్నాయి. మా ఇద్దరికీ ఒక్క మాట పరిచయం లేదు.

ఏటా పెట్టుకునే రీడింగ్ ఛాలెంజ్ గురించి కూడా చెప్పాలి, అది నా సొంత తెలివితక్కువతనం. జనవరిలో ఈ ఏడు ఎన్ని చదువుతావని అడుగుతుంది. ఒక సంవత్సరం పౌరుషానికి పోయి 52 అని పెట్టాను, వారానికొకటి చొప్పున. అక్టోబర్ వచ్చేసరికి "షెడ్యూల్ కంటే 14 పుస్తకాలు వెనకబడ్డారు" అని చూపిస్తోంది. అడిగినవాడు లేడు, అరిచినవాడు లేడు, అయినా టెన్షన్. ఆరువందల పేజీల నవల సగంలో పక్కన పెట్టేసి, వంద పేజీల లోపువి ఏరుకొచ్చి చదవడం మొదలుపెట్టాను. ఒక శనివారం మూడు పూర్తి చేశాను. ఆ మూడింటికీ నేను రాసిన రివ్యూలు కలిపితే నాలుగు లైన్లు. డిసెంబర్ 31 రాత్రి 52 అయింది, బ్యాడ్జి వచ్చింది. పక్కన పెట్టిన ఆ పెద్ద నవల మాత్రం "చదువుతున్నవి" షెల్ఫులో 46 శాతం దగ్గర ఇంకా అలాగే ఉంది. ఆ లెక్కని ఏడాది మధ్యలో తగ్గించుకోవచ్చని తర్వాత తెలిసింది. ఇప్పుడు 12 పెట్టుకుంటున్నాను.

ఇలాంటి సైట్ ఇదొక్కటే ఉందా అంటే, కాదు. లైబ్రరీథింగ్ దీనికంటే ముందుది, 2005 నాటిది. ఇంట్లో పుస్తకాల పట్టిక పద్ధతిగా రాసుకునే అలవాటున్నవాళ్లకి అది బాగుంటుంది. నాడియా ఒడునాయో తయారుచేసిన స్టోరీగ్రాఫ్‌లో అర స్టార్లే కాదు, పావు స్టార్లు కూడా ఇవ్వొచ్చు. పుస్తకం దిగులుగా ఉంటుందా, సరదాగా ఉంటుందా, నిదానంగా నడుస్తుందా, పరిగెడుతుందా అని చదివినవాళ్లు చెప్పినది ఒక్కచోట చూపిస్తుంది. నా వాన డిటెక్టివ్‌ని అక్కడైతే ఇంకా తొందరగా పట్టుకునేదాన్నేమో. నెల రోజులు వాడాను. అంతా బాగుంది గానీ నేను చదివే రివ్యూలు రాసే మనుషులు ఇటువైపు ఉన్నారు, అందుకని తిరిగొచ్చేశాను.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. వెబ్‌సైట్‌లో "ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్" అని ఒకటుంటుంది. అది నొక్కితే మన షెల్ఫులు, తేదీలు, రాసుకున్న రివ్యూలు అన్నీ ఒక ఫైల్‌గా దిగుతాయి. నేను ఆరు నెలలకోసారి దింపుకుంటాను. ఆ ముసలాయన ఉత్తరం ఇప్పుడు నా కంప్యూటర్లో కూడా ఉంది.

గుడ్‌రీడ్స్‌కి నేనిచ్చేది మూడు. గుడ్‌రీడ్స్ లెక్కలో మూడు.

అన్నట్టు, పోయిన నెల మా అక్క కూడా అకౌంట్ తెరిచింది. ఏం చదవనే అని అడిగితే నేనే ఒక పుస్తకం చెప్పాను. నిన్న చూశాను, రెండు స్టార్లిచ్చింది. అది గుడ్‌రీడ్స్ రెండా, ఎర్ర సిరా రెండా అని ఫోన్ చేసి అడగడానికి ఇంకా ధైర్యం చాల్లేదు.