లక్క రికార్డులకు వేరే ముల్లు: కొన్నేళ్ళు వాడాక

నిమిషానికి 78 చుట్లు తిరిగే వేగం ఉన్న టర్న్‌టేబుల్ (రికార్డులు వాయించే మిషను) కొన్నాం కదా, తాతగారి లక్క గ్రామఫోను రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేయొచ్చు అనుకునేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. మిషను సంగతి తర్వాత, ముందు ముల్లు చూసుకోండి. రాజోలు దగ్గర మా ఊళ్ళో కొన్నేళ్ళుగా ఇదే పని మీద ఉన్నాను. మిషను గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. తిరుగుతుంది, వేగం అటూ ఇటూ జరుపుకోవడానికి ఒక మీట ఉంది, కరెంటు హెచ్చుతగ్గులకు బెదరదు. నేను మురిసిపోయేదల్లా దానికి విడిగా కొని తగిలించిన మూడు మిల్లుల ముల్లు చూసి.

మిల్లంటే అంగుళంలో వెయ్యో వంతు. మూడు మిల్లులంటే సుమారు 75 మైక్రాన్లు. మిషనుతో పాటు వచ్చే ఎల్పీ (తర్వాతి కాలపు ప్లాస్టిక్ రికార్డుల) ముల్లు ఇందులో దాదాపు నాలుగో వంతే. దాన్ని 78 రికార్డు మీద పెడితే నీళ్ళు తగ్గిన పంటకాలవలో తాటిదోనె అడుగు బురదకు రాసుకుంటూ పోయినట్టు గాడి అడుగున ఈదుకుంటూ పోతుంది. దుమ్మూ, పాత స్టీలు ముళ్ళ పొడీ పేరుకునేది ఆ అడుగునే. పాట ఉండేది గాడి పక్క గోడల మీద. నేను సొంతంగా ఈ పనిలోకి దిగడానికి కారణం కూడా అదే. పట్నంలో ఒక స్టూడియో వాళ్ళకి మా రికార్డులు కొన్ని ఇస్తే, ఎల్పీ ముల్లుతోనే వాయించి, ఆ రొదంతా సాఫ్ట్‌వేర్‌తో తోమేసి సీడీ చేతిలో పెట్టారు. నాటక పద్యాలు పాడిన కపిలవాయి రామనాథశాస్త్రిగారి గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఇక అసలు విశేషం. మా అత్తగారి ఊరు పాలకొల్లు నుంచి వచ్చిన పెట్టెలో రాయబారం పద్యాల రికార్డు ఒకటుంది. లేబులు సగం చిరిగిపోయింది. నల్లగా నిగనిగలాడాల్సిన గాడులు బూడిద రంగుకి తిరిగాయి. ఎన్ని పెళ్ళిళ్ళలో మోగిందో! అప్పటి సౌండుబాక్సు (గ్రామఫోనులో ముల్లు బిగించే డబ్బా) బరువు వంద గ్రాములు దాటేది. స్టీలు ముల్లు వైపుకొకటి మార్చాలి, మార్చిందెవరు? మూడు మిల్లుల ముల్లు పెట్టి చూస్తే మొదటి పాదం బాగానే వచ్చింది. రాగం పైస్థాయికి ఎక్కగానే గరగరమని చిరిగిపోయింది. పెద్ద గొంతు పలికిన చోటే గాడి ఎక్కువ వంకర్లు తిరుగుతుంది, స్టీలు ముల్లు ఎక్కువగా అరగదీసేదీ అక్కడే. ఇది పోయిందనుకుని పక్కన పెట్టేశాను.

తర్వాత రెండున్నర మిల్లుల ముల్లొకటి, కొన తెగ్గోసినది, దొరికింది. అప్పటి స్టీలు ముళ్ళు తిరిగిన ఎత్తుకి కాస్త కిందగా, అరగని గోడకు ఆనుతుంది. కొన మొండిగా ఉంది కాబట్టి అడుగుకు తగలదు. పెద్ద ఆశ లేకుండానే ఆ రికార్డు పెట్టాను. అదే పద్యం, అదే రాగం, పైషడ్జం మీద నిలబడి గమకం తీసి దిగాడు మహానుభావుడు! ఒక్క చోట కూడా చిరగలేదు. వెనకాల హార్మోనియం, తబలా విడివిడిగా వినబడ్డాయి. పద్యం అయ్యాక, ఇంకో రాగం అందుకోబోయి మూడు నిమిషాల ప్లేటు కదా అని గుర్తొచ్చినట్టు తుంచేశాడు. స్టేజీ మీదయితే వన్స్‌మోర్‌లు పడేవి.

అంటే మూడు మిల్లులది ఒక్కటీ ఉంటే చాలని కాదు. కొన్నిటికి అదే, కొన్నిటికి రెండున్నరది, ఇంకొన్నిటికి ఏదీ కాదు. పగిలిన ప్లేటుకు ఏ ముల్లూ మందు కాదు. పైగా ఖర్చు ఇక్కడే రెట్టింపయింది.

మిషనులో ఉన్న యూఎస్‌బీని వాడటం మానేశాను. లోపలి ప్రీఆంప్‌లో (ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం) ఎల్పీలకు 1954లో కుదిరిన ఆర్ఐఏఏ లెక్కే (హెచ్చు, తగ్గు స్వరాలను సరిచేసే కొలత) ఉంటుంది, పాత 78లకు దానితో గొంతు మందగిస్తుంది. బయట ఒక ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే పెట్టె) పెట్టి 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో వేవ్ ఫైలు చేసుకుని, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్లో దిద్దుకుంటున్నాను. ఎడమ, కుడి చానళ్ళు రెండిటినీ కలిపి మోనో చేస్తే ముల్లు పైకీ కిందకీ కదలడం వల్ల వచ్చే రొద చాలామట్టుకు కొట్టుకుపోతుంది. ఇది 78లకే సుమా! మైనపు సిలిండర్ల మీద శబ్దం గాడి లోతులో ఉంటుంది, కాబట్టి చానళ్ళు కలిపితే పాటే మాయమవుతుంది. వాటి మిషన్లు వేరు, వాటి జోలికి నేను పోలేదు.

ఇంకో తలనొప్పి, లాప్‌టాప్ చార్జరు పెడితే బుయ్యిమని మోత. తీసేసి బ్యాటరీ మీద నడిపితే ఉండదు. మా ఇంట్లో ఎర్తింగు అంతంతమాత్రం, మీ ఇంట్లో రాకపోవచ్చు.

వేగం మీటను తేలిగ్గా తీసిపారేశాను గానీ, దాని విలువ మా పక్కింటి హార్మోనియం మాస్టారు చూపించారు. "రికార్డులో హార్మోనియం పెట్టె రెండు మెట్ల మధ్య పలుకుతోందండీ, కొంచెం తగ్గించండి బాబూ" అన్నారు. 78 అని రాసినా అప్పట్లో అందరూ అదే వేగంతో రికార్డు చేయలేదు. మెట్టు మీద పడేదాకా తగ్గించాం. అయినా అప్పటి పెట్టెల శృతి ఇప్పటి వాటితో కలవాలని లేదు, అందుకే మార్చని ఫైలు కూడా దాస్తున్నాను.

వానాకాలం మా దగ్గర అన్నిటికీ బూజు పడుతుంది. డిస్టిల్డ్ వాటర్లో ఒక్క చుక్క సబ్బునీళ్ళు వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే తుడిచి, ఫ్యాను కింద నిలబెట్టి ఆరబెడతాను. స్పిరిట్ మాత్రం తగలనివ్వకండి. చెక్కసామాను పాలిష్‌కి లక్కను కరిగించేది దానిలోనే. ఎండలోనూ పెట్టొద్దు, వంగిపోతాయి.

ఇంట్లో నాలుగు రికార్డులే ఉంటే ఇదంతా కొనమని నేను చెప్పను. సరైన ముల్లు ఉన్నవాళ్ళని వెతికి, ముందు ఏ ముల్లో అడిగి ఇవ్వండి. నాకు పెట్టెలు ఇంకా వస్తున్నాయి, పక్కింట్లో మాస్టారున్నారు, సాయంత్రాలు ఖాళీ, కాబట్టి గిట్టింది. మూడున్నర మిల్లులది కూడా తీసుకోవాలని ఉంది. దాళ్వా పంట డబ్బులు చేతికొచ్చాక చూడాలి.