స్ప్రింగ్ కొలత టేపు: ఐదు నెలలు వాడాక నా అభిప్రాయం

నడుము కొలుచుకునే ఈ టేపు కొనకముందు మా ఇంట్లో ఒక స్మార్ట్ స్కేల్ (ఫోన్‌కి కలిపే బరువు యంత్రం) ఉండేది. ఇప్పటికీ ఉంది, కానీ నెలకోసారి మాత్రమే ఎక్కుతున్నాను. దాని సంగతి ముందు చెప్తేనే టేపు నాకెందుకు నచ్చిందో తెలుస్తుంది.

దాని మీద నిలబడితే బరువుతో పాటు కొవ్వు శాతం, కండ, నీరు, 'శరీర వయసు' అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి. ఒకరోజు పొద్దున కొవ్వు 34.1 శాతం అంది. అదే రోజు సాయంత్రం 31.6. ఒక్క పూటలో అంత కొవ్వు కరగదు కదా! తర్వాత తెలుసుకున్నాను, అది కొవ్వుని నేరుగా కొలవదట. అరికాళ్ళ నుంచి చాలా సన్నటి కరెంటు పంపి, ఒంట్లో దానికి ఎంత అడ్డు తగిలిందో చూసి, మిగతాది అంచనా కడుతుంది. ఒంట్లో నీరు అటూ ఇటూ అయితే అంకె కూడా మారిపోతుంది. నాకు 47 ఏళ్ళు. శరీర వయసు 58 అని చూపించిన రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు. అలాంటి అంకె చూపించేవాళ్ళు దాని అర్థం కూడా చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మాత్రం ఈ స్కేళ్ళు అసలు ఎక్కకూడదు.

ఇక టేపు. 150 సెంటీమీటర్ల ఫైబర్ గ్లాస్ టేపు, గుండ్రటి డబ్బాలో చుట్టుకుని ఉంటుంది. కొసన ఉన్న చిన్న పుల్లని డబ్బాలో గుచ్చి బటన్ నొక్కితే ఒంటికి సరిపడా బిగుసుకుంటుంది. ఇంకొకరి సాయం లేకుండా మనమే కొలుచుకోవచ్చు. స్టీలు స్కేలు పక్కన పెట్టి చూశాను, గీతలు సరిగ్గా ఉన్నాయి.

నా ఎత్తు 156 సెం.మీ., అప్పటి బరువు 58 కిలోలు. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 23.8. పాతిక దాటలేదు కాబట్టి భయం లేదనుకున్నాను. (ఆసియా వాళ్ళు 23 నుంచే జాగ్రత్తపడాలని డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు 2004లోనే చెప్పారని అప్పటికి నాకు తెలియదు.) టేపుతో కొలిస్తే నడుము 86 వచ్చింది. నడుము కొలత ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి. నాకు సగం అంటే 78. 86ని 156తో భాగిస్తే 0.55. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం 0.5 నుంచి 0.59 వరకు ముప్పు పెరిగినట్టు, 0.6 గానీ ఆపైన గానీ ఉంటే ఇంకా ఎక్కువ. మా నాన్నగారికి షుగర్ ఉండేది. అందుకే ఆగకుండా వెళ్ళి రక్తపరీక్ష చేయించుకున్నాను. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1 శాతం, అంటే షుగర్‌కి ముందు దశ. ఆ మాట నాకు బరువు చెప్పలేదు. ఒంట్లో కొవ్వు ఎక్కడ చేరిందో బరువుకి తెలియదు.

మావారి సంగతి దీనికి పూర్తిగా తిరగబడింది. ఎత్తు 174, బరువు 79, బీఎంఐ 26. కానీ ఏళ్ళ తరబడి వ్యాయామం చేస్తున్న మనిషి, నడుము 84 మాత్రమే. సగం కంటే తక్కువే.

కొలిచే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి. మొదటిసారి బెల్టు పెట్టుకునే చోట కొలిస్తే 80 వచ్చింది, సంతోషపడ్డాను. అది తప్పు. చేత్తో తడిమితే తగిలే చివరి పక్కటెముకకీ, తుంటి ఎముక పైఅంచుకీ మధ్యన కొలవాలి. నిటారుగా నిలబడి, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా. టేపు వెనకవైపు జారిపోయిందేమో అద్దంలో చూసుకోండి. నేను వరసగా రెండుసార్లు కొలిచి సగటు రాసుకుంటున్నాను, అది కూడా నెలకి రెండుసార్లే. రోజూ కొలిస్తే మనసు పాడవడం తప్ప ఏమీ ఉండదు.

లోపాలూ ఉన్నాయి. కొత్తలో స్ప్రింగ్ మరీ గట్టిగా లాగేది. టేపు చర్మంలోకి దిగి, అసలు కంటే సెంటీమీటరు తక్కువ చూపించేది. బిగిశాక వేలితో కాస్త వదులు చేయడం అలవాటు చేసుకున్నాను. మణికట్టు లాంటి సన్నటి చోట్ల డబ్బానే అడ్డం, కొలత సరిగా రాదు. అంగుళాల వైపు అంకెలు నా కళ్ళకి ఆనవు. నాలుగో నెలలో స్ప్రింగ్ వదులైంది, ఇప్పుడు టేపుని చేత్తో లోపలికి నెట్టాలి. అమ్మినవాళ్ళకి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. ఒంటరిగా కొలుచుకోవాల్సిన వాళ్ళకైతే ఇది కొనమంటాను. ఇంట్లో సాయం చేసే మనిషి ఉంటే, సాగిపోని మామూలు దర్జీ టేపు చాలు. గర్భిణులకీ, పొట్ట ఉబ్బే జబ్బు ఉన్నవాళ్ళకీ ఈ సగం లెక్క వర్తించదు.

నిన్న నా నడుము 81, బరువు 57. బరువు తగ్గింది ఒక్క కిలోనే, నడుము మాత్రం ఐదు సెంటీమీటర్లు. ఇంకా మూడు తగ్గాలి. వచ్చే నెల మళ్ళీ హెచ్‌బీఏ1సీ చేయించుకుంటాను. ఆ అంకె వచ్చాక ఇక్కడే రాస్తాను.