పరువు నష్టం నోటీసు వచ్చిందని వెళ్తే: నాంపల్లి కోర్టు దగ్గర లాయరాఫీసుకి నా రేటింగ్ 3.5/5

పేరు రాయట్లేదండి. లాయర్లు పబ్లిసిటీ చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ ఉంది, నేను పొగిడితే వాళ్లే రాయించుకున్నారంటారు, తిడితే నాకు ఇంకో నోటీసొస్తది. నాంపల్లి క్రిమినల్ కోర్టులకి దగ్గర్లో జిరాక్స్ షాపు పైన రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఒక లేడీ లాయరు, ఇద్దరు జూనియర్లు, ఒక గుమస్తా, అంతే ఆఫీసు.

మా గొడవేంటంటే, కూకట్‌పల్లి వైపు మా కాలనీ పార్కు జాగాలో వార్డు లీడరు మనుషులు షెడ్డు లేపారు, అసోసియేషన్ సెక్రటరీగా నేను లేఅవుట్ కాపీ, ఫొటోలు పెట్టి వాట్సాప్ గ్రూపులో రాశాను. దానికి ఆయన స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు పంపాడు, 5 కోట్లు కట్టాలంట, బేషరతుగా క్షమాపణ చెప్పాలంట, 15 రోజులు టైమంట. మా ఆవిడ ఆ రాత్రే ఫ్లాట్ అమ్మితే ఎంతొస్తదో లెక్కేసింది.

ముందు జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లారు మావాళ్లు. కన్సల్టేషన్‌కే ఐదంకెల ఫీజు. నోటీసు రెండో పేజీ తిప్పకుండానే "మనం పది కోట్లకి వేద్దాం" అన్నాడు. కాఫీ మాత్రం బాగుంది.

ఇక్కడ మేడం కాగితం మొత్తం చదివింది, మధ్యలో ఫోన్ మోగితే కట్ చేసింది కూడా. చదివాక పెన్సిల్‌తో 5 కోట్ల కింద గీత గీసి, "ఇది రాయడానికి ఆయనకి పైసా ఖర్చు లేదు సార్, అదే సివిల్ దావా వేస్తే అడిగిన మొత్తాన్ని బట్టి ముందే కోర్టు ఫీజు కట్టాలి, కట్టమనండి చూద్దాం" అంది. నాకు ఊపిరొచ్చింది. మనం టీవీలో రోజూ చూసే వంద కోట్ల నోటీసుల సంగతి కూడా ఇంతేనని అప్పుడర్థమైంది. నోటీసు దశలో ఎన్ని సున్నాలు పెట్టినా ఫ్రీ.

టేబుల్ అద్దం కింద టైపు చేసిన రేట్ల కాగితం ఉంటది, నాకు బాగా నచ్చింది అదే. రిప్లై నోటీసుకి ఇంత, వకాలత్‌కి ఇంత, వాయిదాకి ఇంత, అని. మాకు రిప్లైకి 7,500 అయింది. ప్రతి వాక్యం పక్కన దానికి ఆధారం ఏంటో అడిగి మరీ రాశారు, "కబ్జాకోరు" అని నేను రాయమన్న మాట కొట్టేశారు, లేఅవుట్ నంబరు రాసి ఊరుకున్నారు. కోపంగా ఉన్నప్పుడు మనకది చప్పగా అనిపిస్తది గానీ వాళ్లు చేసిందే కరెక్టు.

మేడం చెప్పినట్టే ఆయన 5 కోట్ల దావా వేయలేదు, క్రిమినల్ కంప్లయింటు వేశాడు, దానికి మొత్తాన్ని బట్టి ఫీజు ఉండదు కదా. పరువు నష్టానికి పాత ఐపీసీ సెక్షన్లు 499, 500 ఇప్పుడు కొత్త శిక్షల చట్టం బీఎన్ఎస్‌లో 356 అయింది, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. 2016లో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం రాజ్యాంగబద్ధమే, చెల్లుతుందంది. పాత సీఆర్‌పీసీ బదులొచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 223 కింద మేజిస్ట్రేట్ కేసు తీసుకునే ముందే మన మాట వినాలి, ఇప్పుడు మాది అక్కడే నడుస్తోంది.

గెలిస్తే ఖర్చులు వాడి దగ్గరే వసూలు చేద్దామని మా ప్రెసిడెంట్ గారి పట్టు. మేడం వేములవాడ కేసు చెప్పింది. అక్కడి మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ పౌరసత్వం మీద ఆయన ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ 2009 నుంచి కొట్లాడితే 2024 డిసెంబర్‌లో హైకోర్టు రమేశ్‌ని 30 లక్షలు ఖర్చుల కింద కట్టమంది, అందులో 25 లక్షలు శ్రీనివాస్‌కి. వినడానికి బాగుంది గానీ పదిహేనేళ్లు! ఈ మధ్యలో జేబులోంచి పెట్టేదెవరు? ఢిల్లీలో జైట్లీ వేసిన పరువు నష్టం కేసులో అప్పటి సీఎం కేజ్రీవాల్ తరఫున లాయర్ జెఠ్మలానీ బిల్లు 3 కోట్లు దాటింది, అది ప్రభుత్వం కట్టాలా ఆయన కట్టాలా అని పెద్ద రచ్చయింది, చివరికి 2018లో కేజ్రీవాల్ క్షమాపణ చెప్పి బయటపడ్డాడు. వాళ్లకి పార్టీలున్నాయి, మాకున్నది మెయింటెనెన్స్ డబ్బులు, అందులోంచి తీస్తే మూడో బ్లాకు వాళ్లు ఊరుకోరు.

ఇక ఒకటిన్నర ఎందుకు కోశానంటే, గుమస్తా ఖర్చులు. స్టాంపులు, జిరాక్సులు, "లోపల ఇవ్వాలన్నా" అని రెండొందలు, మూడొందలు, రసీదు అడిగితే నవ్వుతాడు. రేట్ల కాగితంలో ఈ లైను లేదు. ముఖ్యమైన వాయిదాకి మేడం హైకోర్టులో ఉన్నానని జూనియర్‌ని పంపింది, ఆ పిల్లాడు కోర్టు హాలు బయట వరండాలో నిలబడి "సార్, మీరు ఏ2 నా?" అని నన్నే అడిగాడు. ఉన్నది నేనొక్కడినే. వాయిదా తేదీ కోసం ఫోన్ చేస్తే ఎత్తరు, ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఉండే నంబరు) కొట్టి నేనే చూసుకుంటున్నా.

వినియోగదారుల ఫోరంలో వేస్తానని మాత్రం వీళ్లనే కాదు, ఏ లాయర్నీ బెదిరించకండి. 2024 మేలో సుప్రీంకోర్టు లాయర్ల సర్వీసు ఆ చట్టం కిందకి రాదని తేల్చేసింది. బార్ కౌన్సిల్‌కి రాసుకోవాలి.

కొట్లాడి పేపర్లో పేరు పడాలనుకునే లీడర్లకి ఈ ఆఫీసు పనికిరాదు, సగం మందిని "రిప్లై చాలు" అని వెనక్కి పంపేస్తారు. ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీ వాళ్లొస్తే లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఉచితంగా లాయర్ని ఇస్తారని ముందే చెప్తున్నారు, నేను కూర్చున్నప్పుడే ఒకావిడకి అట్లనే చెప్పి పంపారు. వెళ్తే నాంపల్లి మెట్రో దిగి నడిచి పోండి, బండికి జాగా దొరకదు. నోటీసొచ్చిన కవరు పారేయకుండా పట్టుకెళ్లండి, పోస్టు ముద్ర మీద తేదీ మొదట అదే అడుగుతారు.