50 వాట్ల హీటరుతో నాలుగు చలికాలాలు

విజయవాడలో ఉన్నన్నాళ్లూ మా చేపల ట్యాంకుకు హీటరు అవసరం రాలేదు. బెంగళూరు వచ్చాక మొదటి డిసెంబరులోనే నియాన్ టెట్రా చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపించాయి. పొద్దున్నే థర్మామీటరు పెట్టి చూస్తే నీళ్లు 20 డిగ్రీలు. వాటికి 24, 25 ఉంటే హాయి. చలికి నీరసించిన చేపకు ఆ తెల్ల మచ్చల జబ్బు తేలిగ్గా అంటుకుంటుంది.

మొదట కొన్న హీటరు విషయంలో పొరపాటు చేశాను. "పెద్దది తీసుకోండి సార్, త్వరగా వేడెక్కుతుంది" అని షాపతను అంటే 150 వాట్లది తెచ్చాను. నాది రెండడుగుల ట్యాంకు, రాళ్లూ ఇసుకా పోను సుమారు 50 లీటర్ల నీళ్లు. రెండు నెలలు బాగానే పనిచేసింది. ఫిబ్రవరిలో ఒక రాత్రి లోపలి థర్మోస్టాట్ (నీళ్లు కావాల్సినంత వేడెక్కగానే హీటరును ఆపే స్విచ్) ఆన్‌లోనే అతుక్కుపోయింది. తెల్లారి లేచి చూస్తే నీళ్లు 34 డిగ్రీలు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఆరు టెట్రాల్లో నాలుగు చనిపోయాయి. పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి ఫైటర్ చేప బతికింది. మా పాప ఆ నాలుగింటినీ గులాబీ కుండీలో పాతిపెట్టి రోజంతా ఏడ్చింది.

అప్పటి నుంచి ఏ హీటరు చూసినా నా మొదటి ప్రశ్న ఒకటే. ఇది చెడిపోయి ఆగకుండా కాలుతూనే ఉంటే నీళ్లు ఎంతదాకా వేడెక్కుతాయి?

ఆ లెక్కతోనే 2021లో 50 వాట్లది కొన్నాను. లీటరుకు ఒక వాట్ అని అందరూ చెప్పే లెక్క ఉంది కానీ, అసలు చూడాల్సింది గదికీ నీళ్లకూ మధ్య ఎన్ని డిగ్రీల తేడా కావాలన్నది. ఇక్కడ జనవరిలో బయట 15 డిగ్రీలకు పడిపోయినా తలుపులు వేసిన గదిలో 19, 20 ఉంటుంది. అంటే ఐదారు డిగ్రీలు పెంచితే చాలు. పైన గాజు మూత ఉంటే ఈ చిన్న హీటరు ఆ పని చేస్తుంది. ఒకవేళ ఆన్‌లోనే అతుక్కుపోయినా ఆ చలిలో మా ట్యాంకు వేడి 28, 29 దగ్గర ఆగిపోతుంది. ఢిల్లీ చలికి ఇది చాలదు, బెంగళూరుకు చాలు.

చలికాలం ఒక్కటే అనుకోకండి. ఇక్కడ జులై, ఆగస్టు ముసురులో కూడా నీళ్లు 22కు దిగుతాయి. అప్పుడూ నేను తీయను. చలి రోజుల్లో రోజుకు పది గంటలు వెలిగినా అర యూనిట్, నెలకు 15 యూనిట్లు.

లోపాలూ ఉన్నాయి. దాని డయల్‌ను నమ్మకూడదు. 26 దగ్గర పెడితే నీళ్లు 24.5 చూపిస్తాయి. విడిగా ఒక గాజు థర్మామీటరు తప్పనిసరి, అదీ హీటరుకు దూరంగా, రెండో చివర ఉండాలి. హీటరును గాజుకు అతికించే సక్షన్ కప్పులు ఏడాదికే గట్టిపడి ఊడిపోయాయి, రెండుసార్లు మార్చాను. మా బోరు నీళ్లకు గాజు గొట్టం మీద తెల్లటి పొర కడుతుంది. రెండు నెలలకోసారి బయటికి తీసి వెనిగర్‌లో నానబెట్టి కడుగుతాను. హీటరును ఫిల్టరు నీళ్లు పడేచోట, కింద అడ్డంగా బిగించాక వేడి ట్యాంకంతా సమానంగా పాకుతోంది. నిలువుగా పెట్టినప్పుడు నీళ్లు ఆవిరై మట్టం తగ్గితే పై భాగం బయటపడేది, ఇప్పుడు ఆ భయం లేదు.

ఇంకొకటి మా ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. నీళ్లు మార్చేముందు స్విచ్ ఆపేసి 20 నిమిషాలు ఆగాలి. కాలుతున్న గాజుకు చల్లనీళ్లు తగిలితే పగులుతుంది, పగిలిన హీటరున్న నీళ్లలో చెయ్యి పెడితే ప్రాణాలకే ముప్పు. వైరు కూడా ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వదలాలి, తడి కారినా సాకెట్‌లోకి పోదు.

కరెంటు పోతే టెన్షన్ పడేవాణ్ని. మూడు నాలుగు గంటలు పోయినా ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పితే ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గలేదు.

థర్మోస్టాట్ లోపలి కాంటాక్టులు వాడేకొద్దీ అరుగుతాయి. నాలుగు చలికాలాలు దాటింది కాబట్టి, ఇంకా బాగానే పనిచేస్తున్నా దీన్ని పక్కన పెట్టేస్తున్నాను. కొనబోయేది మళ్లీ 50 వాట్లదే.