నన్ వేషం: బ్యాలెట్‌లోనా, కరపత్రంలోనా?

1979లో ఈస్టర్ ముందురోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు మగవాళ్లు నన్‌ల దుస్తులేసుకుని రోడ్డెక్కారు. 'సిస్టర్స్ ఆఫ్ పర్పెచువల్ ఇండల్జెన్స్' అనే గే కార్యకర్తల బృందం పుట్టుక అదే. 1982లో ఆ వేషం రెండు దారుల్లో నడిచింది.

ఒకటి ఎన్నికలు. ఆ బృందంలోని సిస్టర్ బూమ్ బూమ్ నగర సూపర్‌వైజర్ల బోర్డుకు (అంటే నగర పాలక మండలికి) పోటీ చేస్తూ, వృత్తి అన్నచోట 'నన్ ఆఫ్ ది అబవ్' అని రాయించుకున్నారు. మన నోటా మీటలో ఉన్నదీ ఆ మాటే, కాకపోతే ఇక్కడ 'నన్' అంటే సన్యాసిని కూడా! గెలవలేదు గానీ 23 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఆ దెబ్బకి అభ్యర్థులు అసలు పేరుతోనే నిలబడాలని నగరం నిబంధన పెట్టింది.

రెండోది 'ప్లే ఫెయిర్' కరపత్రం. ఎయిడ్స్‌కి కారణమైన వైరస్ ఇంకా దొరకని రోజులవి. రాసినవాళ్లలో బాబీ క్యాంప్‌బెల్ ఒకరు. వృత్తి నర్సు, తనే ఆ జబ్బు రోగి. గే యువకులకు వాళ్ల భాషలోనే, నవ్విస్తూ, తప్పు చేశావని వేలెత్తి చూపకుండా సురక్షిత శృంగారపు జాగ్రత్తలు చెప్పారు.

పేపర్లకెక్కింది బూమ్ బూమ్. నా ఓటు మాత్రం కరపత్రానికే. చర్చి పాపమని మొహం తిప్పుకున్న చోట, ఆ వేషం ప్రాణాల గురించి మాట్లాడింది.

అలాగని, నన్‌లని ఎగతాళి చేశారని నొచ్చుకున్న భక్తులది ఉత్త చాదస్తం అనలేను. 2023లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు ఈ సిస్టర్స్‌ని సన్మానానికి పిలిచి, వద్దని, మళ్లీ పిలిచింది. అవార్డు రోజున స్టేడియం బయట క్యాథలిక్కులు ప్రార్థనలతో నిరసన తెలిపారు.