రేకు మూత బల్ల కప్పులు: ఎక్కడ పనికొస్తాయి, ప్రార్థన ఎక్కడ తెగుతుంది

అడుగున రెండు టీ చెంచాలకు మించని ద్రాక్షరసం. దాని మీద వెండి రేకు. రేకు మీద రొట్టెగా బొటనవేలి గోరంత వేఫర్ బిళ్ల, దాన్ని కప్పుతూ పల్చటి ప్లాస్టిక్ పొర. ప్రభువు బల్ల కోసం, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన కోసం, కరోనా రోజుల్లో క్రైస్తవ సంఘాల్లోకి వచ్చిన ఈ సీలు కప్పులు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. బల్ల ఆదివారానికి ముందురోజు రొట్టె కాల్చక్కర్లేదు, రసం కాచక్కర్లేదు, ఆరాధన అయ్యాక చిన్న గ్లాసులు కడగక్కర్లేదు. బల్ల సిద్ధపరిచే పని నెత్తిన ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరటే.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మంచం పట్టినవారి ఇంటికి, ఆసుపత్రికి, మైదానంలో జరిగే పెద్ద కూడికకు, గల్ఫ్‌లో శుక్రవారం అద్దె హాల్లో రెండు గంటలు దొరికే తెలుగు సహవాసానికి ఈ కప్పు మంచి సాధనం. నెలనెలా సొంత మందిరంలో జరిగే బల్లకు మాత్రం వద్దంటాం. ఖరీదు ఎక్కువే, కానీ అసలు కారణం అది కాదు. రొట్టె దగ్గర ఆకలి ప్రార్థన, ద్రాక్షరసపు గిన్నె దగ్గర దప్పి ప్రార్థన విడివిడిగా నిలవాలి. ఈ కప్పు రెండింటినీ ఒకే గుక్కలో ముగించేలా చేస్తుంది.

ముందు వస్తువు సంగతి. పెట్టె కొనేటప్పుడు పదార్థాల వరుస చదవండి. మొదటి పేరు ద్రాక్షరసం అయితే సరే. నీళ్లు, పంచదార, రంగు, వాసన కోసం కలిపిన ఎసెన్స్ అని వరుసగా ఉంటే అది ద్రాక్ష రంగు వేసిన షర్బత్తు, బల్ల మీద పెట్టదగింది కాదు. మన దేశంలో అమ్మేదైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు, గడువు తేదీ ఉండాలి. రెండు పొరలకూ లాగే కొసలు వేరువేరు వైపుల ఉన్నవే ఎంచుకోండి. చాలా రకాల్లో రెండు కొసలూ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉంటాయి. అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. పెద్దావిడ పైపొర లాగుతున్నాననుకుని రెండూ కలిపి లాగుతుంది, వేఫర్ ఎగిరి కింద పడుతుంది, రసం తెల్లచీర మీద ఒలుకుతుంది. బల్ల ఆదివారం మన సంఘాల్లో తెల్లచీర కట్టనివారు తక్కువ. మరక పడితే వెంటనే చల్లటి నీళ్లతో తడిపి, నిమ్మరసం పిండి, ఆ తర్వాత ఉతకాలి. ముందే సబ్బు రుద్దితే ఊదారంగు నీలంగా మారి పట్టేస్తుంది.

కప్పును వేళ్లతో నొక్కి పట్టుకోకూడదు. మెత్తటి ప్లాస్టిక్ కాబట్టి పక్కలు నొక్కుకుపోయి, రేకు ఊడగానే రసం పైకి చిమ్ముతుంది. ఎడమ అరచేతిలో అడుగు ఆనించి, కుడిచేత్తో కొసను పైకి కాకుండా అడ్డంగా, మెల్లగా లాగాలి. చేతులు వణికేవారికి, చూపు తగ్గినవారికి పక్కవాళ్లు తీసిపెట్టాలి. ఎవరు ఎవరికి సాయం చేయాలో పాట మొదలయ్యేలోపే బెంచీల వారీగా చెప్పేయాలి.

ఎండ ఈ కప్పుకు బద్ధశత్రువు. మే నెలలో కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉన్న పెట్టెను తెరిచి చూడండి, కొన్ని మూతలు పొంగి ఉంటాయి. మూత పొంగిందంటే లోపల రసం పులియడం మొదలై ఉండొచ్చు. అలాంటివి ఏరి పారేయాలి, రుచి చూసి తేల్చుకుందాం అనుకోవద్దు. కోస్తా ఉక్కపోతకు వేఫర్ కూడా చెమ్మ పట్టి, తడిసిన అట్టలా నాలుకకు అంటుకుంటుంది. పెట్టెను చల్లటి గదిలో, నేలకు ఆనించకుండా పెట్టాలి. ఆరాధన అయ్యాక ప్రతి బెంచీ చివరా ఒక సంచి ఉంచాలి. లేకపోతే ఖాళీ కప్పులు పాటల పుస్తకాల సందుల్లో చేరతాయి, సాయంత్రానికి బెంచీ నిండా చీమలే.

కతోలిక సంఘాల్లో దీని ప్రసక్తే రాదు. అక్కడి నియమం ప్రకారం గోధుమ అప్పం, ద్రాక్షపండ్ల నుంచి తీసిన సహజమైన, పులిసిన ద్రాక్షారసం (వైన్) ఉండాలి. పులియని రసం వాడే వాడుక ప్రొటెస్టంట్ల వైపు నుంచి వచ్చింది. 1869లో అమెరికాలో మెథడిస్టు దంతవైద్యుడు థామస్ వెల్చ్, ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా నిలవ ఉంచడం సాధించింది బల్ల కోసమే.

ఇక ప్రార్థన దగ్గరికి వద్దాం. రెండు వందల మంది ఒకేసారి ప్లాస్టిక్ పొర లాగే చప్పుడు ఎలా ఉంటుందో ఊహించండి. కాపరి (పాస్టరు) "ప్రభువైన యేసు తాను అప్పగింపబడిన రాత్రి" అని మొదలుపెట్టగానే మొదటి బెంచీలో చిటపట. ప్రార్థన సగానికి వచ్చేసరికి వెనక బెంచీల్లో కొందరు రొట్టె తినేసి, రసం తాగేసి, ఖాళీ కప్పు చేత్తో పట్టుకుని కళ్లు మూసుకుని ఉంటారు. తప్పు వాళ్లది కాదు, చేతిలో పెట్టిన వస్తువే ఎవరిది వారిని ముగించుకోమంటుంది. కొరింథు సంఘానికి పౌలు రాసిన మాట సరిగ్గా దీని గురించే: ఒకడు ముందుగా తన భోజనం తాను చేసేస్తే మరొకడు ఆకలితో మిగిలిపోతాడు. అందుకే ఆ అధ్యాయం చివర్లో "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" అన్నాడు, అంటే ఒకరి కోసం ఒకరు ఆగండని. చేతికి చేయి అందించుకుంటూ వచ్చే పళ్లెం ఆ కనిపెట్టుకోవడాన్ని దానంతటదే నేర్పుతుంది. కప్పు నేర్పదు, మనం నేర్పాలి.

కప్పులే వాడాల్సి వస్తే క్రమం ఇలా పెట్టుకోండి. ప్రార్థనకు ముందే ఒక చరణం పాడుతూ అందరూ పైపొర మాత్రం తీయాలి. వేఫర్ అరచేతిలోకి తీసుకుని, రేకు మూసి ఉన్న కప్పును ఒళ్లో గానీ బెంచీ అంచున గానీ పెట్టుకోవాలి. రెండు వందల మందికి ఒక నిమిషం చాలు. చప్పుడు ఆగాక రొట్టె ప్రార్థన. తిన్నాక అర నిమిషం మౌనం. మళ్లీ పల్లవి ఎత్తుకుని, ఆ పాటలోనే రేకు తీయాలి. అప్పుడు గిన్నె ప్రార్థన, తర్వాత తాగడం. ఈ ఒక్క మార్పుతో కప్పు తెచ్చే నష్టం సగానికి పైగా తగ్గుతుంది.

రొట్టె ప్రార్థన రెండు నిమిషాలు దాటకూడదు. అందులో ఆకలి అనే మాట నిజమైన ఆకలిగా వినపడాలి. ఎక్కువగా జరిగే పొరపాటు, మొదటి వాక్యంలోనే దాన్ని ఆత్మీయ ఆకలిగా మార్చేసి కడుపును మర్చిపోవడం. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడిగింది "మా అనుదినాహారము", అందులోనూ "నేడు". అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా లెక్క కూడా అదే: తలకు ఒక ఓమెరు (ఆనాటి కొలత), రేపటికి దాచుకుంటే పురుగు పట్టింది, విశ్రాంతిదినం కోసం దాచింది మాత్రం చెడలేదు. ఈ ఒక్క వివరం ప్రార్థనలోకి వస్తే సంఘం తన బియ్యం డబ్బాను వేరే కళ్లతో చూస్తుంది. రెండో పొరపాటు పోలిక. "ఎంతోమందికి తిండి లేకపోయినా మాకు పెట్టావు, స్తోత్రం" అనేది అలవాటుగా నోటికి వచ్చేస్తుంది. ఆకలితో వచ్చి వెనక బెంచీలో కూర్చున్న మనిషి ఆ మాట ఎలా వింటాడు? "చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని ఉత్తమాటతో పంపేయడాన్ని బైబిల్లోని యాకోబు పత్రిక (ఉత్తరం) తప్పుపట్టింది. అదే ఉత్తమాట ఇక్కడ స్తుతి రూపంలో వస్తోంది.

తెలుగు సంఘానికి ఆకలి ప్రార్థన పుస్తకంలోంచి అరువు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు. కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపి, ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కూడా కరువు రోజుల్లో పనికి తిండి పెడుతూ కట్టిందే. పల్లె సంఘాల్లో ఆడవాళ్లు వండే ముందు కానుకగా తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆ జ్ఞాపకానికి దగ్గరి చుట్టం. ఆ బియ్యం గిన్నెను బల్ల మీద రొట్టె పక్కనే పెట్టి ప్రార్థించండి. మాటలు వాటంతటవే బరువు తెచ్చుకుంటాయి.

వాడుకోదగ్గ ఒక రొట్టె ప్రార్థన:

"తండ్రీ, ఈ రొట్టె వెనుక నాగలి పట్టిన చేతిని, కోత కోసిన చేతిని, పిండి పిసికిన చేతిని జ్ఞాపకము చేసికొనుచున్నాము. ముక్క చిన్నది, మా ఆకలి పెద్దది, నీవు చాలినవాడవు. నేడు మా వీధిలో పొయ్యి వెలగని ఇల్లు ఏదో మాకు చూపుము. మా గిన్నెలో వారి వంతు మేము దాచుకొనకుండ కాపాడుము. విరువబడిన నీ కుమారుని నామమున అడుగుచున్నాము. ఆమేన్."

దప్పి ప్రార్థనకు యోహాను సువార్తలో రెండు చోట్లు పునాది. సుఖారు అనే ఊరి బావి దగ్గర యేసు ఒక సమరయ స్త్రీని నీళ్లడిగాడు. సిలువ మీద "దప్పిగొనుచున్నాను" అన్నాడు. జీవజలం ఇస్తానన్నవాడే దాహంతో ఉన్నాడు. గిన్నె ఎత్తే ముందు ఈ మాట చెప్పి ఒక్క క్షణం ఆగితే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

"ప్రభువా, బావియొద్ద నీళ్లడిగినవాడవు, సిలువమీద దప్పిగొన్నవాడవు. ట్యాంకరు కొరకు బిందెలతో నిలిచిన తల్లుల దాహము నీకు తెలియును. ఎండిన చెరువులను, ఉప్పు తేలిన బోర్లను కనికరించుము. రూకలు లేనివారిని నీళ్లయొద్దకు పిలిచినవాడా, ఈ గిన్నెతో మా ప్రాణమును సేదదీర్చుము. ఆమేన్."

ట్యాంకరు స్థానంలో మీ ఊరి కష్టం పెట్టుకోండి. ఫ్లోరైడ్ నీళ్లైతే ఫ్లోరైడ్ అనే చెప్పండి.

సొంత మందిరంలో మాత్రం రొట్టె, రసం ఇంట్లోనే చేసుకోండి, పని అనుకున్నంత లేదు. కిలో నల్లద్రాక్షకు ఒక గ్లాసు నీళ్లు, వంద గ్రాముల పంచదార. స్టీలు గిన్నెలోనే కాచాలి, పులుపు అల్యూమినియాన్ని తింటుంది. సన్నమంట మీద పదిహేను, ఇరవై నిమిషాలు, తొక్కలు పగిలేదాకా. చల్లారాక చేత్తో మెదిపి పల్చటి గుడ్డలో వడకట్టాలి. గుడ్డను గట్టిగా పిండితే రసం మడ్డిగా దిగుతుంది. ముప్పావు లీటరుకు కాస్త అటూ ఇటూగా వస్తుంది, మనిషికి పది మిల్లీలీటర్ల చొప్పున డెబ్బై మందికి సరిపోతుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దు. సీసా మూత తీస్తే బుస్సుమన్నా, నురగ కనిపించినా అది పులిసినట్టే. నలభై గ్లాసుల పళ్లేనికి నాలుగు వందల మిల్లీలీటర్లు పడుతుంది. అంచుదాకా పోయకండి, పళ్లెం చేతులు మారేటప్పుడు ఒరుగుతుంది.

రొట్టెకు పావుకిలో గోధుమపిండి, అర చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె, సుమారు 130 మిల్లీలీటర్ల నీళ్లు. ఇరవై నిమిషాలు నాననిచ్చి, చపాతీ కంటే మందంగా మూడు రొట్టెలు వత్తాలి. ఫోర్కుతో అంతటా పొడవాలి, లేకపోతే పుల్కాలా పొంగి పొరలు విడిపోతుంది, విరిస్తే పొడి రాలుతుంది. పచ్చిగా ఉండగానే చాకుతో రెండు సెంటీమీటర్ల గళ్లు గీసి, పొడి పెనం మీద చిన్నమంటపై ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కాల్చాలి. రెండు వందల మందికి సరిపోతుంది. ఒక రొట్టె మీద గళ్లు గీయకండి. దాన్ని అందరి ముందు విరవాలి. "రొట్టె యొక్కటే గనుక" అన్న పౌలు మాట కళ్లకు కనపడేది ఆ ఒక్క క్షణంలోనే. ఏ సీలు కప్పూ ఇవ్వలేనిది కూడా అదే.

రెండు పద్ధతులూ కలిపి వాడుకోవచ్చు. మందిరంలో పళ్లెం, బీరువాలో ఇరవై, ముప్పై కప్పులు. బల్ల అయిన మధ్యాహ్నమే పెద్దలిద్దరు మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లేటప్పుడు కప్పుతోపాటు మందిరంలో విరిచిన రొట్టెలోంచి ఒక ముక్క శుభ్రమైన గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. వేఫర్ బదులు అదే ఇవ్వండి. మింగలేనివారికి ముక్కను రసంలో తడిపి ఇవ్వాలి. మిగిలిన రొట్టె చెత్తబుట్టలో వేయొద్దు. అయిదువేల మంది తిన్నాక కూడా "ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి" అన్నాడు ప్రభువు. బల్ల సిద్ధపరిచినవాళ్లు అక్కడే కూర్చుని తినేయాలి. గడువు దాటిన కప్పుల రసం పారబోసి, రేకు, ప్లాస్టిక్ వేరుచేసి పడేయాలి. బీరువా తలుపు లోపల గడువు నెల రాసిన కాగితం అంటించి పెట్టుకోండి.